ఆ అర సెంటీమీటరే ఆయువుపట్టు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి రెండు వాక్యాల్లో జవాబు రాసి పంపేయొచ్చు. కానీ పంపబుద్ధి కాలేదు.

రాసినాయన పెళ్లిళ్లకి వీడియో తీస్తారు. రెండున్నర వేలు పెట్టి బ్యాటరీ లేని చేతి స్టెబిలైజర్ కొన్నారట. పైన కెమెరా, మధ్యలో పిడి, కింద గుండ్రటి ఇనప బిళ్లలు. “నడుస్తుంటే కెమెరా ఉయ్యాలలా ఊగుతోంది. కింద ఇంకో రెండు బిళ్లలు బిగించాను. ఇంకా ఎక్కువ ఊగుతోంది. బరువు పెంచితే నిలకడ రావాలి కదండీ?” అని అడిగారు.

రావాలనే నేనూ అనుకున్నాను. అర మీటరు పైపుకి కింద గుప్పెడు వాషర్లు బిగించి, మా వీధి చివరిదాకా నడిచి, వచ్చిన వీడియో చూస్తే పడవలో కూర్చుని తీసినట్టుంది. తప్పెక్కడుందో తెలిశాక మాత్రం ఆ పైపుని పారేయడానికి మనసొప్పలేదు.

ముందు ఓ చిన్న లెక్క. చెయ్యి ఒక సెంటీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దూరంలోని పెళ్లికూతురు ఫ్రేములో ఒక సెంటీమీటరే జరుగుతుంది. అదే మణికట్టు ఒక్క డిగ్రీ తిరిగిందా, పదిహేడు సెంటీమీటర్లు జరుగుతుంది. కాబట్టి అసలు శత్రువు జరగడం కాదు, తిరగడం. తిరగకుండా ఆపడంలో బరువు కన్నా ముఖ్యం, ఆ బరువు ఎంత దూరంగా ఉందన్నది.

నమ్మకపోతే ఇంట్లో బూజుకర్రని నడిమధ్య పట్టుకుని మణికట్టు గబగబా అటూ ఇటూ తిప్పి చూడండి. తర్వాత అప్పడాల కర్ర తిప్పండి. బూజుకర్ర మొండికేస్తుంది. తిప్పుడుకి ఎదురుతిరిగే ఈ గుణాన్ని పాఠ్యపుస్తకాలు జడత్వ భ్రామకం అంటాయి. బరువు రెట్టింపు చేస్తే అది రెట్టింపే అవుతుంది. దూరం రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. తాడు మీద నడిచే పిల్ల చేతిలో అంత పొడుగు వెదురు గడ ఉండేది ఇందుకే.

అమెరికాలో గ్యారెట్ బ్రౌన్ అనే కెమెరామన్ 1970లలో పట్టుకున్నది ఈ కీలకాన్నే. కెమెరా గురుత్వ కేంద్రం దాని పొట్టలో ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టి పట్టుకోలేం. పక్కన ఎక్కడ పట్టుకున్నా మన వణుకు దాన్ని తిప్పేస్తుంది. ఒక కడ్డీకి పైకొసన కెమెరా, కిందికొసన బరువు పెడితే గురుత్వ కేంద్రం కెమెరాలోంచి బయటికొచ్చి కడ్డీ మీదికి చేరుతుంది. సరిగ్గా అక్కడ వేళ్లతో పట్టుకోవచ్చు! బ్రౌన్ దీనితో ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద తన స్నేహితురాలిని పరిగెత్తిస్తూ, వెనకే తనూ పరిగెత్తుతూ తీశాడు. ఆ ముక్క చూసిన దర్శకుడు జాన్ అవిల్డ్‌సెన్ ఆ మెట్లెక్కడున్నాయని అడిగాడు. 1976లో వచ్చిన ‘రాకీ’లోని పరుగు అలా పుట్టింది. 1978లో స్టెడీకామ్ అన్న పేరున్న బ్రౌన్ యంత్రానికి ఆస్కార్ దక్కింది. మన దగ్గర 1989లో ‘శివ’ తీసినవాళ్లూ ఆ యంత్రాన్ని వాడారు.

దాని లోపల గైరోస్కోపు తిరుగుతుంటుందని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. తొలి స్టెడీకామ్‌ని నిలబెట్టింది గైరోస్కోపు కాదు. పిడికీ కడ్డీకీ మధ్య గింబల్ ఉంటుంది: ఒకదానిలో ఒకటి తిరిగే రింగులు. చెయ్యి ఎటు ఒరిగినా ఆ ఒరుగు కడ్డీకి అంటదు. దీనికి ఇటలీ పండితుడు కార్డానో పేరు పెట్టేశారు గానీ, 1550లో తన పుస్తకంలో ఆయన దాన్ని వర్ణించాడంతే. సుమారు క్రీ.శ. 180 నాటికే చైనాలో డింగ్ హువాన్ అనే పనివాడు పడక మీద దొర్లినా నిప్పులు ఒలకని ధూపపు గిన్నెని ఈ రింగుల్లోనే వేలాడదీశాడు.

ఇక అసలు రహస్యం. గింబల్ సరిగ్గా గురుత్వ కేంద్రం దగ్గరే ఉంటే కడ్డీకి పైనేదో కిందేదో తెలియదు. ఎటు వాలిస్తే అటే ఉండిపోతుంది. నిటారుగా నిలవాలంటే గురుత్వ కేంద్రం గింబల్‌కి కాస్త కిందుండాలి. ఎంత కింద? మనవాళ్లంతా దెబ్బతినేది ఇక్కడే.

అర మీటరు కడ్డీ, రెండు కొసల్లో సమానమైన బరువులు అనుకుందాం. గురుత్వ కేంద్రం పది సెంటీమీటర్లు కిందికి దిగిందంటే అది రెండు సెకన్ల లోపే ఒకసారి ఊగే లోలకం. మన నడకలో కుడి ఎడమ అడుగులు కలిపి సుమారు సెకనుకోసారి శరీరం అటూ ఇటూ ఒరుగుతుంది. రెండు తాళాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇక ఊగక ఏం చేస్తుంది? ఆగినప్పుడల్లా ముందుకీ, కదిలినప్పుడల్లా వెనక్కీ తూగుతుంది. తంజావూరు బొమ్మ గుర్తుందా? అడుగున అంత బరువుంది కాబట్టే పడిపోదు. అందుకే ఊగడమూ ఆపదు.

ఇప్పుడు ఆ పది సెంటీమీటర్లని అర సెంటీమీటరుకి తగ్గించండి. అదే కడ్డీ ఒక ఊగు పూర్తిచేయడానికి దాదాపు ఏడు సెకన్లు తీసుకుంటుంది. అంత నెమ్మదిగా ఊగే మామూలు లోలకం కావాలంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి దారం కట్టి రాయిని వేలాడదీయాలి. పన్నెండు మీటర్ల లోలకం మీ పిడికిట్లో ఇమిడిపోయింది! సెకనుకోసారి వచ్చే మీ నడక కుదుపు దాన్ని కదిలించేలోపే వెనక్కి మళ్లిపోతుంది.

దీన్ని కొలవడానికి స్కేలక్కర్లేదు. కడ్డీని అడ్డంగా పట్టుకుని వదిలేయండి. నిటారు కావడానికి రెండు సెకన్లు పడితే గురుత్వ కేంద్రం ఆ అర సెంటీమీటరు దగ్గరే ఉన్నట్టు. ధన్‌మని లేచిందంటే కింద బరువెక్కువ.

మరి తెలిసినవాళ్లు కూడా బిళ్లలెందుకు పెంచుతారు? అర సెంటీమీటరు దగ్గర యంత్రం మహా పెంకిది. కెమెరా ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే ఐదు డిగ్రీలకి పైగా వాలుతుంది. మండపం స్తంభాలన్నీ ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి. కెమెరా తెరని పక్కకి తెరిచినా, జూమ్ లెన్స్ సాగినా తూకం పోయినట్టే. పది సెంటీమీటర్ల దగ్గరైతే అదే తప్పుకి మూడో వంతు డిగ్రీ కూడా వాలదు. కెమెరా బిగించే పలకని వెంట్రుకవాసి సర్దే ఓపిక లేక రెండు బిళ్లలు బిగించేస్తాం. నిటారుగా నిలబడుతుంది, ముచ్చటపడతాం, నడిచాక ఏడుస్తాం.

పైకీ కిందికీ ఎగిరే కుదుపుని మాత్రం గింబల్ ఆపలేదు. స్టెడీకామ్‌కి దానికోసం స్ప్రింగుల చెయ్యి వేరే ఉంటుంది, ధర కూడా వేరే ఉంటుంది. మనకున్న స్ప్రింగులు మోచెయ్యీ మోకాళ్లే. నెత్తిన నీళ్ల బిందెతో నడిచేవాళ్లని గమనించండి, ఆ నడకే నేర్చుకోవాలి.

ఇదంతా ఎందుకు, మోటార్ల గింబల్ కొనుక్కుంటే పోలేదా అంటారు. కొనుక్కోండి. అందులో మూడు మోటార్లు, ఒక సెన్సారు ఈ పనంతా మీకు తెలియకుండానే చేసేస్తాయి. సరిగ్గా తాళిబొట్టు కట్టే ముందు చార్జింగ్ అయిపోతుంది.

ఉత్తరం రాసినాయనకి నా జవాబు: కొత్తగా బిగించిన ఆ రెండు బిళ్లలూ తీసేయండి. అప్పటికీ ధన్‌మని లేస్తే, రెండు సెకన్లు పట్టేదాకా ఒక్కో బిళ్లా తగ్గించుకుంటూ రండి. తర్వాత కెమెరా పలకని మిల్లీమీటరు చొప్పున సర్దండి. పిడి గట్టిగా పట్టుకోండి గానీ, కడ్డీని రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ తగిలీ తగలనట్టు పట్టుకుని తిప్పాలి. ఫంక్షన్ హాల్లో పక్కనున్న పెద్ద ఫ్యాన్ కట్టేయించండి, ఆ గాలికి కూడా తిరిగిపోతుంది.