పొదుగువాపునకు ఏ మందు?

కశింకోట ప్రాంతమున పాడిపశువునకు పొదుగువాపు రాగానే, పొరుగువాని పశువునకు కుదిరిన మందునే కొని తెచ్చుట మేమెరుగుదుము. ఇట్లు మూడు మందులు మార్చునంతలో చన్ను గట్టిపడి యెండిపోయిన గేదెను మేము చూచితిమి. వ్యాధి యొకటే యైనను దానిని కలిగించు సూక్ష్మజీవి వేరు కావచ్చును, లేక ఆ మందునకు లొంగనిదై యుండవచ్చును.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున వెలువడిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసెను. అట్టి దొడ్డ మందులును తోచినట్లు వాడినచో శక్తి కోల్పోవును.

మందు నెంచుటకు పరీక్ష కలదు. ప్రయోగశాలలో పాలలోని సూక్ష్మజీవిని వేరుచేసి, అగరు పోసిన పళ్లెముపై పులిమి, వేర్వేరు మందులు పట్టించిన కాగితపు బిళ్లల నుంతురు. మరునాటికి, పనిచేయు మందుబిళ్ల చుట్టును, నారుమడిలో విత్తు మొలవని చోటువలె, తేటవలయ మేర్పడును. దానిని మిల్లీమీటర్లలో కొలిచి, ఆ మందునకు నియమించిన కొలతతో పోల్చుదురు.

కావున రైతు సోదరులారా! మందు వేయకమునుపే పశువైద్యునికి తెలుపుడు. చనుమొనను స్పిరిటుతో తుడిచి, మొదటి ధారలు విడిచి, వైద్యుడిచ్చిన శుభ్రమైన సీసాలో పాలు పట్టి, మంచులో నుంచి నాడే పంపుడు. పశువు జ్వరముతో నున్నచో చికిత్స నాపరాదు; వైద్యుడు ముందు మందిచ్చి, ఫలితము చూచి మార్చును. రెండుమూడు దినముల పరీక్ష యొక చన్నును కాపాడవచ్చును.