పొరుగువాని బాంబూ, పెద్దల నీతీ

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి తూము అంటే ఏమిటో, వంతు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన నాటినుంచీ మన పల్లెల్లో తగాదాలు సగం వాటి చుట్టూనే తిరిగాయి. కాలువ తల దగ్గర వున్న ఆసామి మడి ముందు నిండుతుంది. శివారు రైతు గట్టుమీద కూర్చుని ఎదురు చూస్తాడు. తల దగ్గరి ఆసామి తన చేను తడిసిన మరుక్షణం తూముకు అడ్డం నిలబడి, “ఇకమీదట ఎవరూ తూము తీయరాదు, తీసినవాడు ఊరికి ద్రోహి” అని ధర్మం చెప్పాడనుకోండి. ఆ ధర్మంలో తప్పు లేకపోవచ్చు. నీరు పొదుపు చేయవలసిందే. కాని శివారు రైతుకు కోపం వచ్చేది ఆ మాట మీద కాదు, ఆ మాట వచ్చిన నోటి మీద.

లోకంలో అణ్వస్త్రాల కథ ముప్పాతిక మువ్వీసం ఇలాగే నడిచింది. 1968లో సంతకాలకు పెట్టి, 1970లో అమలులోకి తెచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒడంబడికలో ఒక చిత్రమైన గీత వున్నది. 1967 జనవరి 1వ తేదీకి ముందు బాంబు పేల్చినవారు అణ్వస్త్ర రాజ్యాలు. ఆ తరువాత పేల్చినవారు నేరస్థులు. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్సు, చైనా గీతకు ఇవతల పడ్డాయి. తక్కిన ప్రపంచమంతా అవతల పడింది. ఇవతలివారు కూడా తమ అస్త్రాలను క్రమంగా వదిలించుకునేందుకు చిత్తశుద్ధితో సంప్రదింపులు జరపాలని అదే ఒడంబడిక ఆరవ అధికరణం చెబుతుంది. అర్ధ శతాబ్దం దాటినా ప్రపంచంలోని అణ్వస్త్రాలలో నూటికి 90 వంతులు ఇంకా అమెరికా, రష్యాల గాదెల్లోనే వున్నాయి.

ఈ ఒడంబడికపై భారతదేశం సంతకం పెట్టలేదు. పాకిస్తానూ పెట్టలేదు. మన నిరాకరణను మనం స్వాభిమానమన్నాము. వారి నిరాకరణను ఏమందాము? ఈ ప్రశ్నను కొంచెం నిదానంగా, ఉద్రేకం లేకుండా తూచి చూద్దాము.

గొరగనమూడి నుంచి లివర్‌పూల్‌కు

అణువిద్య మనకు దూరపు చుట్టం కాదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అనే పిల్లవాడు పుట్టాడు. వయసు వచ్చాక సన్యసించి, స్వామి జ్ఞానానంద అయినాడు. హిమాలయాలలో తపస్సు చేసి, వేదాంతోపన్యాసాల కోసం జర్మనీ వెళ్ళినవాడు అక్కడ భౌతికశాస్త్రం మీద మనసు పడ్డాడు. ప్రేగ్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాల మీద పరిశోధించాడు. ఆ తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ వద్ద చేరాడు. చాడ్విక్ సామాన్యుడు కాదు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమానం పొందిన మనిషి. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికావారి బాంబు నిర్మాణానికి తోడ్పడిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందానికి నాయకత్వం వహించినదీ ఆయనే.

ఒకే గురువు. ఆయన విద్య ఒక పాయగా బాంబు వైపు పారింది. మరొక పాయగా కాషాయం కట్టిన గోదావరి జిల్లా స్వామి వెంట ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చింది. 1956లో వాల్తేరులో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖ ఏర్పడి, స్వామీజీ దానికి అధిపతి అయినాడు. 1969లో ఆయన పరమపదించాడు. అక్కడి అణు పరిశోధనశాల ఇప్పుడు ఆయన పేరనే వున్నది. విద్య ఒకరి సొత్తుగా వుండదని, తాళం వేసిన గదిలోనుంచి కూడా అది బయటికి పారుతుందని ఈ ఒక్క జీవితమే చెబుతుంది.

మనకు జరిగిన మర్యాద

1974 మే 18న పోఖ్రాన్‌లో మనవారు మొదటి ప్రయోగం చేశారు. దానికి కావలసిన ప్లుటోనియం ట్రాంబేలోని సైరస్ రియాక్టరు నుంచి వచ్చింది. ఆ రియాక్టరు కెనడావారు ఇచ్చినది. అందులోని భారజలం అమెరికావారు ఇచ్చినది. రెండూ శాంతి ప్రయోజనాల కోసమని మాట తీసుకుని ఇచ్చినవే. మాది శాంతియుత ప్రయోగమే అన్నాము మనము. కెనడా ఆ మాట నమ్మలేదు. అణు సహకారాన్ని అప్పుడే ఆపి, 1976లో పూర్తిగా తెంచుకున్నది. అమెరికా 1978లో చట్టం చేసి తారాపూర్‌కు ఇంధనం బిగబట్టింది. అణు సామగ్రి అమ్మే దేశాలన్నీ ఒక జట్టుగా చేరినది కూడా పోఖ్రాన్ పేలుడు ఫలితంగానే.

ఆ వెలి వల్ల మనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. భద్రాచలానికి ఎగువన, మణుగూరు వద్ద గోదావరి ఒడ్డునే భారజల కర్మాగారం లేచింది. 1991లో ఉత్పత్తి మొదలయింది. దాని పనివారి కాలనీ పేరే గౌతమీనగర్! మామూలు నీటిలో ప్రతి ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులలో ఒక్కటి మాత్రం రెట్టింపు బరువుది. ఆ బరువైన దానిని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో, వేడి, చల్లదనాల మధ్య మళ్ళీ మళ్ళీ మార్చి మార్చి ఏరుకోవాలి. ఇసుకరాశిలో ఆవగింజలు ఏరినట్లు. దానికి కావలసిన ఆవిరీ కరెంటూ దగ్గరి సింగరేణి బొగ్గు నుంచి వస్తాయి. ఒకనాడు పరాయివారిని అడిగి తెచ్చుకున్న భారజలాన్ని తరువాత మన దేశం దక్షిణ కొరియాకు ఎగుమతి చేసింది. మనం తాగే గోదావరిలోనే ఆ సంపద వున్నదని తలచుకుంటే గర్వంగానే వుంటుంది.

ఇప్పుడు ఇదే కథను అటువైపునుంచి చెబుతాను. కరాచీలో కెనడావారు కట్టిన రియాక్టరు ఒకటి వుండేది. అదీ భారజలంతో నడిచేదే. 1970ల మొదట్లో కరెంటు ఇవ్వసాగింది. 1976 చివర కెనడా దానికి ఇంధనమూ, విడిభాగాలూ ఆపివేసింది. బాంబు పేల్చినది మనము. వెలి వారికి కూడా పడింది! పాకిస్తాన్ ఇంజనీర్లు ఇంధనం తామే తయారు చేసుకోవడం నేర్చి, 1980 నుంచి ఆ రియాక్టరును సొంత ఇంధనంతో నడిపారు. మణుగూరును చూసి గర్వించే మనం, కరాచీలో అదే పనిచేసినవారి పట్టుదలను గుర్తించకపోతే మన తరాజులో ఏదో దోషం వున్నట్లే.

లాహోరు గుమ్మంలో భయం

పాకిస్తాన్‌కు బాంబు ఎందుకు అని అడిగేవారు ముందు దాని పటం చూడాలి. లాహోరు మహానగరం మన సరిహద్దుకు ఇరవై అయిదు కిలోమీటర్ల లోపునే వుంది. భీమవరం నుంచి పాలకొల్లుకు వెళ్ళినంత దూరం. సైన్యం వెనక్కి తగ్గి నిలదొక్కుకునేందుకు ఆ దేశానికి లోతు లేదు. సైనిక వ్యయంలో 2024లో మనం వారికి ఎనిమిది రెట్ల పైన వున్నాము.

ఆపైన 1971 వున్నది. ఆ డిసెంబరు మొదటివారంలో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మన విశాఖ రేవు ముంగిట్లోనే మునిగిపోయింది. లోపలివారు ఒక్కరూ బతకలేదు. డిసెంబరు 16న ఢాకాలో వారి సైన్యం లొంగిపోయింది. దేశ జనాభాలో సగానికి పైగా వేరు దేశమయింది. అందుకు మూలం తూర్పు బెంగాల్‌లో వారి సైన్యం చేసిన ఘోరాలేనన్నది నిజం. అయితే, తప్పు తనదే అయినంతమాత్రాన దెబ్బతిన్నవాడి భయం పోదు కదా! మరునెల, అనగా 1972 జనవరిలో, శ్రీ భుట్టో ముల్తాన్‌లో శాస్త్రజ్ఞులను సమావేశపరచి బాంబు పని పురమాయించాడు. పోఖ్రాన్‌కు అది రెండేళ్ళ ముందు మాట. పోఖ్రాన్ ఆ పనికి వేగం పెంచింది.

మన వాదన కూడా భయం నుంచి పుట్టినదే. 1962లో చైనాతో దెబ్బతిన్నాము. 1964 అక్టోబరులో చైనా బాంబు పేల్చింది. మనం సంతకం పెట్టకపోవడానికి అదొక పెద్ద కారణం. చైనా తన భయానికి అమెరికాను, రష్యాను చూపించింది. ఈ గొలుసులో ప్రతివాడి వేలూ పైవాడి వైపే చూపుతుంది. చివరి కడియం మాత్రం పాపిష్టిదని, మిగతావన్నీ పవిత్రమైనవని అనడం న్యాయం కాదు.

1974లోనే పాకిస్తాన్ దక్షిణాసియాను అణ్వస్త్ర రహిత మండలం చేయాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది. ఇద్దరమూ కలిసి ఒడంబడికపై సంతకం పెడదామని తరువాత కూడా అన్నది. చైనాను వదిలేసి మమ్మల్ని కట్టిపడవేయడమేమిటని మనవారు కాదన్నారు. మన కారణం మనకు వున్నది. కాని ఆ ప్రతిపాదన వచ్చిన మాట మరువరాదు.

పాశ్చాత్యుల రెండు తూనికలు

పాశ్చాత్య దేశాల నీతి ఎంత వాటంగా మారుతుందో చూడండి. 1979 ఏప్రిల్‌లో కహూటాలోని యురేనియం పని గురించి తెలిసి అమెరికా పాకిస్తాన్‌కు సాయం ఆపింది. ఆ డిసెంబరులో రష్యా సైన్యాలు అఫ్ఘానిస్తాన్‌లో దిగాయి. 1981లో అదే అమెరికా 320 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. కహూటా పని ఆగలేదు. అమెరికా కళ్ళు మాత్రం మూతపడ్డాయి. 1989లో రష్యన్లు వెళ్ళిపోయారు. 1990లో ఆ కళ్ళు మళ్ళీ తెరచుకున్నాయి! సాయం ఆగింది. పాకిస్తాన్ డబ్బు చెల్లించిన ఎఫ్-16 యుద్ధ విమానాలు కూడా చేతికి రాలేదు.

1998 మేలో మనం 11, 13 తేదీలలోను, వారు 28, 30 తేదీలలోను పరీక్షలు జరిపాము. ఇద్దరికీ ఆంక్షలు పడ్డాయి. భద్రతామండలి ఇద్దరినీ ఒకే తీర్మానంలో మందలించింది. పదేళ్ళు తిరిగేసరికి, 2008లో, అమెరికా మనకు అణు వ్యాపారం తలుపులు తెరిపించింది. ఒడంబడికపై సంతకం పెట్టకుండానే! పాకిస్తాన్‌కు ఆ తలుపు తెరవలేదు. 2024 డిసెంబరులో వారి దూరశ్రేణి క్షిపణుల పనిపై అమెరికా కొత్త ఆంక్షలు పెట్టింది. మనకు దక్కిన మినహాయింపు న్యాయమని మనం సంతోషించాము. వారికి అది పక్షపాతంగా కనపడితే ఆశ్చర్యమేముంది?

రెండవ తట్ట

అయితే ఒక తట్టనే చూపించి తూకం ముగించడం వ్యాపారి మోసమవుతుంది. ఈ తేడాకు కారణం పాకిస్తాన్ కూడా కొంత సమకూర్చింది. డాక్టర్ అబ్దుల్ ఖదీర్ ఖాన్ నెదర్లాండ్స్‌లో పనిచేసి, అక్కడి సెంట్రిఫ్యూజ్ యంత్రాల నమూనాలతో ఇంటికి వచ్చాడు. అంతటితో ఆగితే పెద్ద దేశాలు చేసిన దొంగతనాల పక్కన అదొకటి అనుకోవచ్చు. ఆ విద్య ఆయన చేతులమీదుగా ఇరాన్, లిబియా, ఉత్తర కొరియాలకు చేరినట్లు 2004లో టెలివిజన్‌లో ఆయనే ఒప్పుకున్నాడు. మరునాడే ప్రభుత్వం క్షమించింది. స్వీయరక్షణ కోసమని తెచ్చుకున్న కత్తిని సంతలో పెట్టాక, రక్షణ వాదం పలచబడుతుంది.

రెండవది ఇంకా బరువైనది. భయపడినవాడు తలుపు వేసుకోవచ్చు. కాని ఆ తలుపు చాటునుంచి రాళ్ళు విసరరాదు. బాంబు వచ్చిన మరుసటేడే కార్గిల్ జరిగింది. 2008లో బొంబాయి దాడి జరిగింది. అణ్వస్త్రం అండ చూసుకుని చిన్న యుద్ధాలు సాగించవచ్చునన్న ధైర్యం కొందరికి వచ్చిందన్నది మన దేశపు ఫిర్యాదు. పాకిస్తాన్ భద్రతా భయాలను అర్థం చేసుకునే మనిషి ఈ ఫిర్యాదును తోసివేయలేడు.

మూడవది వారి ప్రజలది. గడ్డి తినైనా బాంబు చేస్తామని శ్రీ భుట్టో 1965లో అన్న మాట లోకప్రసిద్ధం. 2024లో ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 700 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. గడ్డి పాలు ఎవరి విస్తట్లో పడిందో వేరే చెప్పాలా?

జనవరి 1వ తేదీ కాగితం

మరి మిగిలేది ఏమిటి? స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2024 నాటికి మన దగ్గర 172, వారి దగ్గర 170 అణ్వస్త్రాలు. ఈ రెండంకెల మధ్య తేడాకు ఇక అర్థం లేదు. 2025 మేలో, పహల్గాం హత్యల తరువాత, నాలుగు రోజులు ఇరుపక్షాల క్షిపణులూ డ్రోన్లూ ఎగిరినప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసివచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచి ఇంటింటా సైనికులను ఇచ్చిన ఊరది. అటువంటి ఊళ్ళు పంజాబులో సరిహద్దుకు అటూ ఇటూ కూడా వున్నాయి. అణ్వస్త్ర నీతి గురించి వాషింగ్టన్‌లో జరిగే చర్చకన్నా, ఆ ఊళ్ళ తల్లుల రేడియో మీద వినబడే వార్తే పెద్దది.

పాశ్చాత్యుల హితబోధలు లేకుండానే ఈ రెండు దేశాలూ ఒక మంచిపని చేశాయి. 1988 డిసెంబరు 31న శ్రీ రాజీవ్ గాంధీ, శ్రీమతి బెనజీర్ భుట్టోల సమక్షంలో ఒక ఒప్పందం కుదిరింది. ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయరాదు. ఏ కేంద్రాలు ఎక్కడ వున్నాయో ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 1992లో మొదలయిన ఆ ఆనవాయితీ కార్గిల్ తరువాత కూడా ఆగలేదు. 2001 డిసెంబరులో మన పార్లమెంటుపై దాడి జరిగి, సరిహద్దున సైన్యాలు మోహరించి వున్నప్పుడు సైతం జనవరి 1న కాగితాలు చేతులు మారాయి.

ఆ కాగితంలో స్నేహం లేదు. నమ్మకమూ లేదు. “నీకూ ప్రాణభయం వున్నదని నేను ఎరుగుదును” అన్న గుర్తింపు మాత్రం వున్నది. పొరుగువాడి భయాన్ని గుర్తించడం అతడి తప్పులను మాఫీ చేయడం కాదు. ఎవరి బాంబు పవిత్రమో తేల్చేందుకు దూరదేశపు పెద్దలు ఎంతకాలమైనా వాదించుకోవచ్చు. ఆ రెండు జాబితాల్లోని పేర్ల పక్కన కాపురం వుండేది మాత్రం మనమూ, వారూను.