పసిబిడ్డకు ఫ్లూ టీకా – తల్లిదండ్రుల మనోవేదన

బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు తల్లి మనస్సు ముందుగా కారణాన్ని వెదకుతుంది. కారణం దొరకనప్పుడు తననే దోషిగా నిలుపుకొంటుంది. టీకా వేయించిన మరునాడు బిడ్డ ఒళ్ళు వెచ్చబడితే, చేతులారా కీడు చేసితినే అని కుములుతుంది. వేయించక పోవడం వలన బిడ్డ మంచాన పడితే, ముందే వేయించి ఉండవలసినదని పరితపిస్తుంది. తండ్రి స్థితియు ఇందుకు భిన్నం కాదు. ఈ రెండు వేదనలు ఎందుకు పుడుతున్నవో, వాటిలో ఎంత న్యాయం ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఇన్‌ఫ్లుయెంజా లేక ఫ్లూ అనబడే వ్యాధి సాధారణమైన పడిశం వంటిది కాదు. 1918-19 సంవత్సరాలలో ప్రబలిన ఫ్లూ మహమ్మారికి ఒక్క భారతదేశంలోనే కోటిమందికి పైగా బలియైనారు. వ్యాధికారకమైన వైరస్‌ను 1933లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మానవుని నుండి తొలిసారిగా వేరు చేయగలిగారు. 1940-50 మధ్యకాలంలో అమెరికాలో టీకా వాడుకలోనికి వచ్చింది. 2009లో ఒక కొత్త రకం ఫ్లూ ప్రపంచమంతటా వ్యాపించినప్పుడు, మన దేశంలో మొట్టమొదటి రోగి హైదరాబాదులోనే గుర్తింపబడినాడు. ఐదేండ్ల లోపు పిల్లలలో, అందునా రెండేండ్ల లోపు వారిలో, ఈ వ్యాధి న్యుమోనియాకు దారితీసే అవకాశం ఎక్కువ.

ఇక టీకా సంగతి. సాధారణంగా సూది ద్వారా ఇచ్చే ఫ్లూ టీకాలో సజీవమైన వైరస్ ఉండదు. నిర్జీవం చేయబడిన వైరస్ భాగాలు మాత్రమే ఉంటాయి. కనుక ఆ టీకా వలన ఫ్లూ రావడం అసంభవం. శరీరం ఆ భాగాలను శత్రువుగా గుర్తించి, ఎదుర్కొనే ప్రతిరక్షకాలను తయారు చేసుకొంటుంది. ఆ ప్రయత్నంలో కొందరు పిల్లలకు ఒకటి రెండు దినములు స్వల్ప జ్వరం, సూది వేసినచోట నొప్పి కలుగవచ్చును. రక్షణ ఏర్పడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈ లోపల బిడ్డకు మరొక వైరస్ వలన జలుబు చేస్తే, నింద మాత్రం టీకాపై పడుతుంది. ముందు జరిగినదల్లా తరువాతి దానికి కారణం కానక్కరలేదు అన్న తర్కసూత్రం ఇచ్చట గుర్తుంచుకొనదగినది.

టీకా సంపూర్ణ కవచం కాదని కూడ ఒప్పుకొనవలెను. వైరస్ తన రూపాన్ని తరచుగా మార్చుకొంటుంది. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండు పర్యాయాలు టీకాలో ఏ రకాలు ఉండవలెనో సూచిస్తుంది. టీకా రకాలు, ఊరిలో తిరిగే రకాలు చక్కగా కలిసిన సంవత్సరాలలో సైతం రక్షణ నూటికి నలభై నుండి అరవై వంతుల వరకే ఉంటుంది. అయితే టీకా పొందినవారిలో వ్యాధి వచ్చినా తీవ్రత తగ్గుతుంది.

తల్లిదండ్రుల భయం పూర్తిగా నిరాధారమని కొట్టివేయడం న్యాయం కాదు. 2010లో ఆస్ట్రేలియాలో ఒక తయారీదారుని ఫ్లూ టీకా వలన పలువురు పసిపిల్లలకు తీవ్ర జ్వరం, దానితో మూర్ఛలు వచ్చాయి. ప్రభుత్వం ఏప్రిల్ నెలలో ఐదేండ్ల లోపు పిల్లలకు ఫ్లూ టీకాలను నిలిపివేసి విచారణ జరిపింది. దోషం ఆ ఒక్క టీకాకే పరిమితమని తేలిన పిమ్మట, ఇతర టీకాలను అదే సంవత్సరం తిరిగి అనుమతించారు. కొన్ని కుటుంబాలకు ఆ సంఘటన తీరని బాధను మిగిల్చింది. ఆ తరువాత పశ్చిమ ఆస్ట్రేలియాలో టీకా వేయించే తల్లిదండ్రుల సంఖ్య బాగా పడిపోయింది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఏండ్లు పట్టింది. 2020 నుండి ఆ దేశంలో ఆరు నెలలు నిండి ఐదేండ్లు దాటని పిల్లలందరికీ ఈ టీకాను ఉచితంగా ఇస్తున్నారు.

మరి చేసిన పనివలన కలిగే నష్టం, చేయని పనివలన కలిగే నష్టం కంటె మనకు బరువుగా ఎందుకు తోస్తుంది? 1990లో రిటోవ్, బేరన్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ఊహాత్మక ప్రశ్నతో దీనిని పరీక్షించారు. ఒక ఫ్లూ వలన పదివేలమంది పిల్లలలో పదిమంది మరణిస్తారనుకొందాము. టీకా వలన కూడ కొందరు మరణించే అవకాశం ఉన్నదనుకొందాము. ఆ సంఖ్య ఎంతవరకు ఉంటే మీరు టీకాకు అంగీకరిస్తారు? తొమ్మిది ఉన్ననూ టీకాయే మేలని లెక్క చెబుతుంది. కాని పెక్కుమంది ఆ సంఖ్య పదికి చాలా తక్కువగా ఉంటే తప్ప సమ్మతింపలేదు. వ్యాధి వలన కలిగే నష్టాన్ని విధి మీదికి నెట్టవచ్చును; టీకా వలన కలిగిన దానిని తన చేతి నుండి తొలగించుకొనలేడు. ఇదియే ఆ సంకోచానికి మూలం.

ఈ సత్యాన్ని అంతకు రెండు శతాబ్దాలకు పూర్వమే ఒక తండ్రి గ్రహించాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుమారుడు 1736లో నాలుగేండ్ల ప్రాయంలో మశూచి వలన మరణించాడు. జెన్నర్ టీకా ఇంకా పుట్టలేదు. ఆనాటి మశూచి నివారణ పద్ధతిలో కొంత ప్రాణాపాయం ఉండేది. తన బిడ్డకు దానిని చేయించనందుకు ఫ్రాంక్లిన్ జీవితాంతం చింతించాడు. తన ఆత్మకథలో ఆ సంగతిని సాటి తల్లిదండ్రుల కొరకే వ్రాశాడు. పశ్చాత్తాపం ఎటు వెళ్ళినా తప్పనప్పుడు, అపాయం తక్కువైన మార్గాన్ని ఎన్నుకొనుడని దాని సారాంశం. నాటి పద్ధతితో పోల్చదగినంత అపాయం నేటి ఫ్లూ టీకాలో లేదు.

మన దేశంలో ఈ వేదనకు మరొక కారణం కలదు. పోలియో, తట్టు మొదలైన వాటి టీకాలు ప్రభుత్వ కార్యక్రమంలో చేరి ఉచితంగా లభిస్తున్నాయి. ఫ్లూ టీకా ఆ జాబితాలో లేదు. భారతీయ శిశువైద్యుల సంఘం ఆరు నెలల నుండి ఐదేండ్ల వరకు ఏటా వేయించవలెనని సూచిస్తున్నది. కాని ఖర్చు, నిర్ణయం రెండూ ఇంటి పెద్దలపైననే పడుతున్నాయి. చేతిలో డబ్బు లేక వేయించలేని తండ్రి దోషి కాడు. ఆ లోటు సమాజానిది.

ధర్మసంబంధమైన సందేహం కొన్ని కుటుంబాలను బాధిస్తుంది. బ్రిటన్‌లో పిల్లలకు ముక్కులో పిచికారీ చేసే ఫ్లూ టీకాలో పంది నుండి తీసిన జెలటిన్ ఉన్నది. 1995లో కువైట్‌లో సమావేశమైన పండితులు, రూపాంతరం చెందిన జెలటిన్ వాడుక సమ్మతమేనని అభిప్రాయపడినారు. అంగీకరింపని పండితులూ ఉన్నారు. ఆ కారణంగా దానిని వలదనేవారికి అక్కడ జెలటిన్ లేని సూది టీకాను ఇస్తున్నారు. కనుక సందేహం కలిగినవారు మౌనంగా మానుకొనడం కంటె, వైద్యుని అడిగి తెలుసుకొనడం ఉచితం.

ఆచరణలో కొన్ని విషయాలు గుర్తుంచుకొంటే చాలు. చిన్నపిల్లలకు మొదటి సంవత్సరం నాలుగు వారాల వ్యవధితో రెండు మోతాదులు అవసరం. వర్షాకాలానికి ముందు వేయించడం మేలు. బిడ్డకు పూర్వం టీకాతో తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే వైద్యునికి ముందుగా చెప్పవలెను. టీకా పిమ్మట కొంతసేపు ఆసుపత్రిలోనే వేచి ఉండవలెను. ఎగశ్వాస, మూర్ఛ, పాలు త్రాగకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే, కారణం ఏదైనను ఆలస్యం చేయరాదు.

విద్యార్థులారా! మీలో పెక్కుమంది ఇండ్లలో మందుచీటీ చదువగలవారు మీరే. అక్కబిడ్డకు టీకా వేయించవలెనా అని మీ అమ్మగారు మిమ్ములనే అడుగవచ్చును. ఆనాడు భయపెట్టకుడు, పరిహసింపకుడు. తెలిసినది చెప్పి, తెలియనిది వైద్యుని అడిగి రండు. ఎరిగి ఒక నిర్ణయం తీసుకొన్న తల్లికి ఫలితం ఎట్లున్నను నేరభావం అక్కరలేదు. ఆమె చేయగలిగినది చేసినది.