పాత కంప్యూటర్‌ను పారేసే ముందు... ఓ పెన్‌డ్రైవ్‌!

జ్యోతినగర్‌ ఎన్టీపీసీ క్వార్టర్లలో కావచ్చు, గోదావరిఖనిలోని సింగరేణి కాలనీల్లో కావచ్చు... పిల్లాడు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కంప్యూటర్‌ చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వాడు ఉద్యోగానికని హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతాడు. యంత్రం ఇంట్లోనే మిగులుతుంది. నాన్న పింఛను కాగితాలకు, చెల్లి ప్రాజెక్టు పనికి అదే దిక్కు. అలాంటి వాటికే 2025 అక్టోబరు 14న చిక్కొచ్చి పడింది. ఆ రోజుతో విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోస్‌ 11 వేసుకుందామా అంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్‌ ప్రాసెసర్‌ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. మరి, నిక్షేపంలా నడుస్తున్న యంత్రాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేయాల్సిందేనా?

అక్కర్లేదు. లైనక్స్‌ ఉంది, పైగా ఉచితం. ‘అమ్మో, ఉన్నది కాస్తా పోతుందేమో’ అని జంకేవారి కోసమే ‘లైవ్‌’ పద్ధతి. ఆపరేటింగ్‌ సిస్టమ్‌ మొత్తం సీడీ నుంచో పెన్‌డ్రైవ్‌ నుంచో నడుస్తుంది. మీరుగా చెబితే తప్ప హార్డ్‌డిస్క్‌ జోలికి పోదు. నచ్చలేదా... ఆపేసి పెన్‌డ్రైవ్‌ తీసేయండి. మీ విండోస్‌ ఎప్పటిలాగే వస్తుంది. కొనేముందు చీరను భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకోవడం లాంటిదే ఇది.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది జర్మనీకి చెందిన క్లౌస్‌ క్నాపర్‌. ఆయన 2000లో విడుదల చేసిన క్నాపిక్స్‌, రెండు జీబీల సాఫ్ట్‌వేర్‌ను కుదించి 700 ఎంబీల సీడీలో ఇమిడ్చింది. తర్వాత ఉబుంటు వాళ్లు 2011 దాకా అడిగినవారికల్లా సీడీలను పోస్టులో పైసా తీసుకోకుండా పంపేవారు. మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. 2005లో తెలుగు ఆపరేటింగ్‌ సిస్టమ్‌ ‘స్వేచ్ఛ’ వచ్చింది, 2007లో సీడాక్‌ సంస్థ ‘బాస్‌’ తెచ్చింది. ఇప్పుడీ ఫైళ్లు సీడీలో పట్టనంత పెద్దవయ్యాయి. అందుకే 8 జీబీ పెన్‌డ్రైవ్‌ వాడుతున్నారు.

లైనక్స్‌లో రకాలు వందల్లో ఉన్నాయి. ‘ఏది మంచిది?’ అని ఎవరినడిగినా వాళ్లు వాడేదే చెబుతారు. ఆ సలహాకన్నా మీ యంత్రాన్ని అడగడం మేలు! ముందు ర్యామ్‌ ఎంతో చూడండి. నాలుగు జీబీలు, ఆపైన ఉంటే లైనక్స్‌ మింట్‌తో మొదలుపెట్టొచ్చు. కచ్చితంగా నాలుగే ఉంటే అందులో ‘ఎక్స్‌ఎఫ్‌సీఈ’ రకం తేలిక. రెండు జీబీలే ఉంటే లుబుంటు, ఎంఎక్స్‌ లాంటివి. అంతకన్నా తక్కువైతే పపీ, ఆంటిఎక్స్‌. 32 బిట్‌ ప్రాసెసర్లున్న మరీ పాత వాటిని పెద్ద సంస్థలు ఒక్కొక్కటిగా వదిలేశాయి. 2019లో వచ్చిన మింట్‌ 19.3 తర్వాత ఉబుంటు ఆధారిత మింట్‌లో 32 బిట్‌ రాలేదు. పపీ, ఆంటిఎక్స్‌లలో ఆ రకాలు దొరుకుతాయి. కానీ వాటి మీద పెద్దగా ఆశలు వద్దు. సిస్టమ్‌ చకచకా తెరుచుకున్నా, మెమరీని తినేసేది బ్రౌజరే! ఒక జీబీ ర్యామ్‌తో ఉత్తరాలు టైపు చేసుకోవచ్చు, వీడియో పాఠాలు వినడం మాత్రం కష్టం.

ఫైలును అసలు వెబ్‌సైట్‌ నుంచే దించుకోండి. రూఫస్‌ లేదా ఎచర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి పెళ్లి ఫొటోలున్నది వాడకండి. నాలుగైదు రకాలు చూడాలనుకుంటే వెంటాయ్‌ నయం, ఒకే పెన్‌డ్రైవ్‌లో అన్నీ పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌ ఆన్‌ చేస్తూనే డెల్‌, లెనోవోలలో సాధారణంగా ఎఫ్‌12, హెచ్‌పీలో ఎస్కేప్‌ లేదా ఎఫ్‌9 నొక్కితే దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. తెర మీద ‘ఇన్‌స్టాల్‌’ గుర్తు కనిపిస్తుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఇక అసలు పరీక్ష. మొదట వైఫై. కొన్ని ల్యాప్‌టాప్‌లలోని బ్రాడ్‌కామ్‌ చిప్‌కు విడిగా డ్రైవర్‌ కావాలి. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, టెథరింగ్‌తో నెట్‌ ఇచ్చి ఆ డ్రైవర్‌ తెచ్చుకోవచ్చు. తెర నల్లగా ఉండిపోతే అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌ కార్డును, ముఖ్యంగా ఎన్‌విడియాను. మింట్‌ మొదలయ్యేటప్పుడు కనిపించే ‘కంపాటిబిలిటీ మోడ్‌’ అందుకే. శబ్దం వస్తోందా? కెమెరా పనిచేస్తోందా? ల్యాప్‌టాప్‌ మూత మూసి తెరిస్తే మళ్లీ మేలుకుంటోందా? ఈ చివరిది చాలామంది చూడరు, తర్వాత ఇబ్బంది పడతారు. ప్రింటర్నీ తగిలించి ఒక కాగితం తీయండి. హెచ్‌పీ వాటిలో చాలావరకు ఇట్టే కలిసిపోతాయి. జిరాక్స్‌ షాపుల్లో తరచూ కనిపించే కెనాన్‌ ఎల్‌బీపీ 2900 మాత్రం సతాయించే రకం. పెన్‌డ్రైవ్‌ నుంచి కాస్త నెమ్మదిగా నడిస్తే కంగారొద్దు, హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాక వేగం పెరుగుతుంది.

ఇంకో మాట. బొగ్గు లారీలు తిరిగే ఊళ్లలో, మే నెల ఎండల్లో యంత్రం వేడెక్కి మొరాయిస్తే తప్పు విండోస్‌దీ కాదు, లైనక్స్‌దీ కాదు. ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ముది! ముందు అది దులిపించండి.

విండోస్‌ అసలు తెరుచుకోవడం లేదనుకోండి. లైవ్‌ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, డిస్కులోని ఫొటోలనూ సర్టిఫికెట్లనూ మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. డిస్క్‌ బాగుండాలి, బిట్‌లాకర్‌ తాళం వేసి ఉంటే దాని కీ దగ్గరుండాలి. ఇందుకోసమైనా ప్రతి ఇంట్లో ఇలాంటి పెన్‌డ్రైవ్‌ ఒకటి ఉండాలని నా ఉద్దేశం.

తెలుగు సంగతేమిటి? యూనికోడ్‌లో చదవడానికీ రాయడానికీ ఏ లోటూ లేదు, లిబ్రెఆఫీస్‌లో ఇన్‌స్క్రిప్ట్‌ కీబోర్డుతో హాయిగా టైపు చేయొచ్చు. అయితే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలు కొట్టేవారు, టాలీలో లెక్కలు రాసేవారు మాత్రం తొందరపడొద్దు. అవి విండోస్‌ కోసం చేసినవి. అలాంటి ఇళ్లలో విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లైనక్స్‌నూ పెట్టుకోవచ్చు. ఆ పని మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరచుకుని, వారం రోజులైనా ఇంట్లోవాళ్లందరితో లైవ్‌లోనే వాడించి చూడండి.