కొలైడర్ చెప్పలేనిది గని చెప్పగలదా?

జంషెడ్‌పూర్ అనగానే ఉక్కు కర్మాగారం గుర్తుకొస్తుంది. ఆ నగరం ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే జాదుగూడ యురేనియం గని ఉంది. అందులో 555 మీటర్ల లోతున 2017 సెప్టెంబరులో ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాల ప్రారంభమైంది. కోల్‌కతాలోని సాహా అణుభౌతిక పరిశోధన సంస్థ దాన్ని ఏర్పాటు చేసింది. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) ప్రయోగాల్లోనూ ఈ సంస్థకు భాగస్వామ్యం ఉంది. రెండు చోట్లా వెతుకుతున్న వాటిలో ఒకటి కృష్ణపదార్థం.

గెలాక్సీలలో నక్షత్రాలు తిరిగే వేగానికి, కనిపించే పదార్థపు గురుత్వాకర్షణ ఒక్కటే చాలదు. విశ్వంలోని పదార్థంలో సుమారు 85 శాతం కనిపించనిదేనని అంచనా. అది దేనితో తయారైందో ఇంకా తెలియదు.

ఎల్‌హెచ్‌సీ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టిస్తుంది. ఆ శక్తిలోంచి కొత్త కణాలు పుడతాయి. 2012లో హిగ్స్ బోసాన్ అలాగే దొరికింది. కృష్ణపదార్థ కణం పుడితే మాత్రం పరికరాలకు చిక్కకుండా వెళ్లిపోతుంది. క్యారమ్స్‌లో మధ్యలోని గుంపును కొడితే కాయలన్నీ ఒకే పక్కకు పోయాయనుకోండి, రెండో పక్కకు కనబడనిదేదో పోయిందని ఊహిస్తాం కదా! ఇక్కడా అంతే. అయితే ఆ కణం పరికరాన్ని దాటేది రెప్పపాటులో లక్షల వంతు కాలంలోనే. అది 1380 కోట్ల ఏళ్లుగా విశ్వంలో నిలిచి ఉన్న కణమేనా అన్నది కొలైడర్ ఒక్కటే తేల్చలేదు.

ఆ పని నేల కింది పరికరాలది. భూమి గుండా సహజంగా సాగిపోయే కృష్ణపదార్థ కణాల కోసం అవి కాచుకొని ఉంటాయి. పైనున్న రాయి అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. జాదుగూడలో, మరిగే ఉష్ణోగ్రత దాటినా మరగకుండా ఉంచిన ద్రవపు బిందువులను వాడారు. కణం తగిలితే బిందువు ఆవిరి బుడగగా మారుతుంది. ఆ చిన్న శబ్దాన్ని సెన్సర్లు పట్టుకుంటాయి. కాకపోతే రాతిలోని రేడియోధార్మికత వల్ల వెలువడే న్యూట్రాన్లు కూడా ఇలాంటి బుడగలనే పుట్టిస్తాయి. వాటిని వేరు చేయడమే కష్టం. ప్రపంచంలో ఏ ప్రయోగమూ కృష్ణపదార్థ కణాన్ని ఇంతవరకు నిర్ధారించలేదు.

ఇప్పుడు ఐరోపా సుమారు 91 కిలోమీటర్ల కొత్త కొలైడర్‌ను ప్రతిపాదిస్తోంది. తొలి దశకే దాదాపు 1500 కోట్ల స్విస్ ఫ్రాంకులు కావాలని అంచనా. చైనా కూడా దాదాపు 100 కిలోమీటర్ల యంత్రానికి రూపకల్పన చేసింది. హిగ్స్ బోసాన్‌ను అవి మరింత కచ్చితంగా కొలుస్తాయి. కొత్త కణం దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు. అంత ఖర్చు తగునా అన్న చర్చ అందుకే.

ఒకవేళ దొరికినా, అది కృష్ణపదార్థమే అనడానికి నేల కింది సాక్ష్యమూ కావాలి. అందువల్ల పెద్ద కొలైడర్ల భవిష్యత్తును ఆలోచించేటప్పుడు జాదుగూడ వంటి ప్రయోగశాలలనూ లెక్కలోకి తీసుకోవాలి.