కొలువు మానలేదు... చీర కథ ఆపలేదు

భూదాన్ పోచంపల్లి: తెల్లవారుజామున అయిదింటికి లేవాలి. నీళ్లు పట్టాలి, వంట ముగించాలి, ఇద్దరు పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టాలి. ఏడున్నర బస్సు తప్పితే ఆ రోజు ఆటో చార్జీ దండుగే. తొమ్మిదింటికల్లా పక్క మండలంలోని ప్రాథమిక పాఠశాలలో ఉండాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. ఇదీ ఈ ఊరి చేనేత కుటుంబంలో పుట్టిన ఒక ఉపాధ్యాయిని దినచర్య.

ఇంత పనిలోనూ ఆమె మరో పనికి తీరిక చేసుకున్నారు. తాను కట్టుకునే చీరల గురించి వారానికి ఒకసారి పది పన్నెండు వాక్యాలు రాస్తారు. పక్కన ఒక ఫొటో చేరుస్తారు. ఫోన్ ద్వారా అందరూ చూసేలా పెడతారు. రెండేళ్లుగా ఈ పని సాగుతోంది. తన పేరు, బడి పేరు రాయవద్దని ఆమె కోరారు. బడికి తన వల్ల ఏ మాటా రాకూడదన్నది ఆమె ఉద్దేశం.

చీరల ఫొటోలు పెట్టేవారు నేడు ఊరికి పదిమంది ఉన్నారు. మరి ఈమె ప్రత్యేకత ఏమిటి? కొత్త చీర కొనరు. అమ్మరు. ఎవరి వద్దా పైసా తీసుకోరు. పెళ్లినాటి నుంచి బీరువాలో ఉన్నవి, తల్లి ఇచ్చినవి, అత్తగారివి, ఇవే ఆమె సరుకు. ఒక్కో చీరను మడత విప్పి, దాన్ని నేసిన చెయ్యి ఎవరిదో, ఎన్ని రోజులు పట్టిందో చెబుతారు.

స్టాఫ్ రూమ్‌లో మొదలైంది

ఒకరోజు బడిలో మధ్యాహ్న భోజనాల వేళ తోటి ఉపాధ్యాయిని ఒకరు ఈమె చీర కొంగు పట్టుకుని చూశారు. "ఇదే డిజైన్ మా ఊరి సంతలో అయిదు వందలకు వస్తోంది. మీరేమో వేలు పోశారు. మోసపోయారు టీచర్" అన్నారు. ఈమెకు వెంటనే సమాధానం తోచలేదు. మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగి కూడా, తేడా ఏమిటో నాలుగు మాటల్లో చెప్పలేకపోయానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

మర్నాడు రెండు గుడ్డలు వెంట తీసుకెళ్లారు. ఒకటి అచ్చు వేసిన గుడ్డ, రెండోది నేసిన ఇకత్. రెండింటినీ తిరగేసి బల్ల మీద పరిచారు. అచ్చు గుడ్డ వెనక వైపు వెలిసిపోయినట్టు ఉంది. ఇకత్ రెండు వైపులా ఒకే తీరుగా ఉంది. తోటివారు ఆశ్చర్యపోయారు. "ఇది మాకెవరూ చెప్పలేదే. రాసి పెట్టరాదూ?" అన్నారు. అదే నాంది.

ఇలా చీరతోపాటు దాని కథనూ చెప్పడం కొత్తేమీ కాదు. 2015లో బెంగళూరుకు చెందిన ఇద్దరు స్నేహితురాళ్లు అంజూ మౌద్గల్ కదమ్, ఆలీ మత్తన్ ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడాది నూరుసార్లు చీర కట్టాలి, కట్టినప్పుడల్లా ఆ చీర వెనక ఉన్న జ్ఞాపకం చెప్పాలి అన్నది ఆ ఒప్పందం. దేశంలో, విదేశాల్లో ఎందరో ఆడవారు అందులో కలిశారు. బీరువాల్లో మూలుగుతున్న చీరలు మళ్లీ వెలుగు చూశాయి. ఆ సంగతి విన్నాకే తనకూ ధైర్యం వచ్చిందని ఈ ఉపాధ్యాయిని చెప్పారు. అయితే ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ నూరు తనవల్ల కాదని, వారానికి ఒకటి చాలని అనుకున్నారు.

చీర వెనక చెయ్యి

ఆమె మొదట రాసింది తల్లి ఇచ్చిన నూలు చీర గురించి. అందులో చీర అందం గురించి ఒక్క ముక్కా లేదు. ఉన్నదంతా తల్లి భుజం నొప్పి గురించే.

ఇకత్‌లో రంగు గుడ్డకు కాదు, నూలుకు అద్దుతారు. పేక నూలును ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. తరువాత డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టి రంగులో ముంచుతారు. కట్టినచోట రంగు పట్టదు. ఆ కట్లు విప్పి, మరోచోట కట్టి, మళ్లీ ఇంకో రంగు. ఆపైన కండెలు చుట్టి మగ్గమెక్కిస్తారు. నేసేటప్పుడు ఒక్కో పోగునూ డిజైన్‌కు సరిచూసుకుంటూ పోవాలి. పడుగుకు, పేకకు రెండింటికీ చిటికి కడితే అది డబుల్ ఇకత్. దాని పని మరీ కష్టం.

ఆసు పోయడం సాధారణంగా ఇంటి ఆడవారి పని. ఒక చీరకు సుమారు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించిన సంగతి జిల్లావాసులందరికీ తెలిసిందే. యంత్రం రాకముందు తన తల్లి ఇరవై ఏళ్లపాటు చేత్తోనే ఆసు పోసిందని, నేటికీ ఆ భుజం పైకి లేవదని ఈ ఉపాధ్యాయిని రాశారు.

ఆ ముక్కలు చదివి దూరప్రాంతాలవారు సైతం స్పందించారు. "చీర ఎక్కడ దొరుకుతుంది అని కాదు, అమ్మ ఎలా ఉంది అని అడిగినవారే ఎక్కువ" అని ఆమె చెప్పారు.

తీరిక ఎక్కడిది?

ఉద్యోగం చేసే ఆడవారు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఆమె మొదట్లో రోజూ ఒకటి పెట్టాలనుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి ఒళ్లు హూనమైంది. పిల్లల నోట్సులు దిద్దడం వెనకబడింది. ఒకనాడు పొయ్యి మీద పప్పు మాడింది. అప్పుడు భర్త నెమ్మదిగా, "నీకు ఇష్టమైన పనే. కాని వారానికి ఒకటి చాలదా?" అన్నారట. ఆనాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున గంటన్నర మాత్రమే ఈ పనికి. ఎండ ముదరక ముందు పెరట్లో ఫొటో తీయడం. తీసేది ఇంటర్ చదువుతున్న ఆడబిడ్డ కూతురు. ఆ వేళ వెలుగులో చీర రంగు ఉన్నదున్నట్టు పడుతుంది. దీపం వెలుగులో తీస్తే నీలం నలుపులా కనిపిస్తుంది. రాయవలసినది బస్సులోనే మనసులో అనుకుని, చిన్న నోటుబుక్కులో గుర్తు పెట్టుకుంటారు. ఎవరు నేశారు, నూలా పట్టా, ఎన్నాళ్లు పట్టింది, ఎలా ఉతకాలి, ఈ నాలుగూ తప్పనిసరి. మొదటి రెండు ఉతుకులూ విడిగా చల్లని నీళ్లలో వేయాలి, నీడన ఆరవేయాలి అన్న చిన్న మాటకు కూడా ఎందరో ధన్యవాదాలు చెప్పారట.

బడి పనివేళల్లో ఫోన్ ముట్టరు. బడి ఆవరణలో ఫొటో తీయరు. బడిపిల్లలు ఒక్కరు కూడా అందులో కనిపించరు. పరీక్షల నెలలో పూర్తిగా ఆపేస్తారు. ఆపినందుకు ఎవరూ అలిగి వెళ్లిపోలేదని ఆమె నవ్వుతూ చెప్పారు.

ఊరి నోళ్లు

ఊరన్నాక మాటలు రాకుండా ఉంటాయా? "టీచరమ్మకు ఇప్పుడు సోకులు వచ్చినయి" అన్నవారున్నారు. "పెళ్లీడు పిల్లవా ఏంది, ఫొటోలు దిగనీకి?" అని వాడకట్టులో ఒక పెద్దామె మొహం మీదే అడిగింది. ఈమె బదులు చెప్పలేదు. ఆ పెద్దామె పెళ్లినాటి చీర చూపించమని అడిగారు. పెట్టె అడుగు నుంచి బయటికి వచ్చిన ఆ చీర తన మామగారు నేసినదని చెబుతూ పెద్దామె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వారం రాసిన కథ ఆ చీరదే. ఇప్పుడు వాడకట్టులో ఈమె పక్షాన గట్టిగా మాట్లాడేది ఆ పెద్దామే.

అపరిచితుల నుంచి తప్పుడు సందేశాలు కూడా రాకపోలేదు. మొదటిసారి భయపడి నెల రోజులు మానేశారు. తరువాత ఆ సందేశాలను చెరపకుండా ఫొటో తీసి భద్రపరచి, పంపినవారిని అడ్డగించడం నేర్చుకున్నారు. ఇంటి నంబరు, బస్సు వేళలు ఎక్కడా కనపడనివ్వరు. ఇలాంటి వేధింపులకు రాష్ట్రంలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. డబ్బు మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి.

పార్సిల్ తెచ్చిన చిక్కు

కిందటేడు దసరాకు ముందు నగరం నుంచి ఒక వస్త్ర దుకాణం వారు ఈమెకు పార్సిల్ పంపారు. అందులో రెండు చీరలు, ఒక చీటీ. "వీటిని కట్టుకుని ఫొటో పెట్టండి. అసలైన పోచంపల్లి అని రాయండి. చీరలు మీవే, పైన కొంత డబ్బు కూడా ఇస్తాం" అని దాని సారాంశం. వారు చూపిన మొత్తం ఆమె నెల జీతంలో మూడో వంతు. ఇంటి పైకప్పు మరమ్మతు అప్పటికే రెండేళ్లుగా వాయిదా పడుతోంది.

ఆమె చీర మడత విప్పి తిరగేసి చూశారు. వెనక వైపు వెలిసి ఉంది. డిజైన్ అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. చేత నేసిన ఇకత్‌లో అంచు కొద్దిగా అలలా చెదురుతుంది. ఒక పోగు లాగి చూశారు. రంగు ఒక పక్కనే అంటి ఉంది. అచ్చు గుడ్డ అని తేలిపోయింది.

ఆ పూట ఇంట్లో వాదన జరిగింది. "చీర బాగుంది అని మాత్రం రాస్తే తప్పేముంది? పోచంపల్లి అనకు" అని బంధువు ఒకరు సలహా ఇచ్చారు. మూలన కూర్చున్న తల్లి ఏమీ అనలేదు. తన భుజం నిమురుకుంటూ ఉండిపోయింది. మర్నాడే పార్సిల్ తిప్పి పంపించారు. కప్పు మరమ్మతు సంక్రాంతి తరువాత సహకార పరపతి సంఘంలో అప్పు తీసుకుని చేయించారు.

ఆ ఆదివారం ఆమె ఎవరి పేరూ ఎత్తకుండా, ఇకత్ గుర్తించే పద్ధతి మాత్రమే రాశారు. ఈమధ్య రెండు వైపులా రంగు దిగేలా అచ్చు వేస్తున్నవీ ఉన్నాయని, అందువల్ల వెనక వైపు చూసి ఊరుకోక చేనేత గుర్తు, బిల్లు కూడా అడగాలని హెచ్చరించారు. చేనేత గుర్తు 2006 నుంచి అమలులో ఉంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా అచ్చు గుడ్డ పోచంపల్లి పేరుతో అమ్ముడవుతూనే ఉంది. దాని దెబ్బ పడేది మగ్గం మీదే.

ఉద్యోగులు తెలుసుకోవలసినవి

ఈ పని మొదలుపెట్టాలనుకునే ఉద్యోగులు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవడం మంచిది. ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం గాని, వేరే కొలువు గాని చేయరాదు. డబ్బు తీసుకుని దుకాణాల సరుకు మెచ్చుకోవడం ఈ చిక్కు తెచ్చిపెడుతుంది. అందుకే ఈమె ఆ జోలికే పోలేదు. ప్రైవేటు కొలువులవారు తమ నియామక పత్రంలోని షరతులు ఒకసారి చదువుకోవాలి.

డబ్బు గాని, ఉచితంగా వస్తువు గాని తీసుకుని చూపించేవారు ఆ సంగతి అందరికీ కనపడేలా చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటన చేస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వస్తువు తయారుచేసినవారితోపాటు దాన్ని మెచ్చుకుంటూ చూపినవారికీ ఇది వర్తిస్తుంది. "నాకు తెలియదు, వాళ్లు చెప్పమన్నారు" అంటే చెల్లదు.

రెండేళ్ల తరువాత

ఇంతకూ దీనివల్ల ఒరిగిందేమిటి? గుట్టలుగా ఆర్డర్లు వచ్చి పడలేదు. మగ్గాలు మానేసి పోయినవారు తిరిగి రాలేదు. నూలు ధర, రంగుల ధర తగ్గలేదు. ఆ మాట ఆమే ఒప్పుకుంటారు. అయితే నేసినవారి ఇంటిని వెతుక్కుంటూ దూరం నుంచి వచ్చినవారు కొందరున్నారు. మొన్న ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు ఆమె బడిలోని ఉపాధ్యాయులంతా నేత బట్టలు కట్టుకుని వచ్చారు. అయిదు వందల చీర సంగతి ఎత్తిన ఆ తోటి ఉపాధ్యాయిని కూడా అందులో ఉన్నారు. చీర కొనేటప్పుడు ఇప్పుడు ఆమె ముందు వెనక వైపే తిరగేసి చూస్తున్నారట.

ఈ ఆదివారం పెరట్లోకి రావలసినది తల్లి చివరిసారిగా చేత్తో ఆసు పోసిన చీర. కొంగు దగ్గర చిరుగు పడింది. దాన్ని కుట్టకుండా, ఉన్నదున్నట్టే చూపిస్తానని ఆమె చెప్పారు. సోమవారం మాత్రం యథాప్రకారం ఏడున్నర బస్సు అందుకోవాలి.