జబ్బు తగ్గింది సరే.. తర్వాతేంటి? ఆక్యుపేషనల్ థెరపిస్టులు చేసే పని ఇదీ..!

ఎర్రగడ్డ.. ఈ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మెంటల్ ఆస్పత్రే. జోకుల్లో, తిట్లలో ఆ ఊరి పేరు నలిగిపోయింది. 1953లో జాల్నా నుంచి హైదరాబాద్‌కు మారిన ఆ ఆస్పత్రి ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. ఇలాంటి చోట చికిత్స అంటే మందులు, ఇంజెక్షన్లే అనుకుంటారు. కానీ జబ్బు అదుపులోకి వచ్చాక ఇంకో ప్రశ్న ఉంటుంది. ఈ మనిషి ఇంటికెళ్లి తన పనులు తాను చేసుకోగలడా?

ఆ సంగతి చూసేవాళ్లే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. పేరు చూసి ఉద్యోగాలు ఇప్పించేవాళ్లనుకుంటే పొరపాటే. స్నానం, వంట, బస్సెక్కడం, డబ్బులు లెక్కపెట్టడం.. రోజూ చేసుకునే పనులన్నీ వీళ్ల లెక్కలోకి వస్తాయి. పక్షవాతం వచ్చిన చేతికి కదలిక, బలం తెప్పించడం ఫిజియో పనైతే, అదే చేత్తో అన్నం కలుపుకుని తినేలా చేయడం వీళ్ల పని. మన దేశంలో ఈ శిక్షణ 1950లో ముంబైలో మొదలైంది.

స్కిజోఫ్రెనియానే తీసుకోండి. చెవిలో వినిపించే మాటలు, అనుమానాలు మందులతో చాలామందిలో తగ్గుతాయి. ఆసక్తి లేకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం మాత్రం అంత తేలిగ్గా పోవు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అనేస్తారు. నిజానికి అదీ జబ్బులో భాగమే.

ఉదాహరణకు ఎర్రగడ్డ రైతుబజార్‌కు వెళ్లి అరకిలో టమాటాలు తేవాలి. మనకిది ఒక్క పని. థెరపిస్టు దాన్ని ముక్కలు చేసి చూస్తారు. మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడు? రోడ్డు దాటలేకా, జనాన్ని చూసి భయపడా, చిల్లర లెక్క తేలకా? ఆగిన చోటే ప్రాక్టీస్ చేయిస్తారు. మొదట పక్కనే నడుస్తారు. తర్వాత కాస్త దూరంగా ఉంటారు. కుదిరాక ఒక్కడినే పంపిస్తారు.

బుట్టలు అల్లించడమే ఈ థెరపీ అన్న అభిప్రాయం పాతది. పేషెంట్లతో ఆస్పత్రుల్లో బలవంతంగా పని చేయించకూడదని, చేస్తే తగిన డబ్బు ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఇంటివాళ్లు తీసుకెళ్లలేదన్న కారణంతోనే ఎవరినీ లోపల ఉంచకూడదన్నదీ అదే చట్టం. అది అమలు కావాలంటే బయట బతకడానికి కావాల్సిన తర్ఫీదు ముందే అందాలి.

డిశ్చార్జ్ రోజున మందుల చీటీతో పాటు ఇంకోటి కూడా అడగాలి. సొంతంగా ఏం చేసుకోగలరు, దేనికి తోడు కావాలి అని. అది తెలియక మంచినీళ్లు కూడా చేతికందించి కూర్చోబెట్టే కుటుంబాలే ఎక్కువ. ప్రేమతోనే చేస్తారు, కానీ నేర్చుకున్న పనులు మళ్లీ మరిచిపోతారు. మానసిక సమస్యలపై సలహా కావాలంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.